ఎక్కడిది? ఎవరిచ్చిరి?



మన యిండ్లలో క్రొత్త వస్తువేదియైనను గడప దాటి లోనికి వచ్చినచో ఇరుగుపొరుగువారు వెంటనే అడుగు ప్రశ్నలు మూడు. ఎక్కడిది? ఎవరిచ్చిరి? ఎంతయినది? పట్టుచీరయైనను సరే, పచ్చడి జాడియైనను సరే, ఈ మూడింటికిని సమాధానము వినక వచ్చిన యమ్మ కదలదు. మగవారు దీనిని విని ఆడువారి ఆరా యని నవ్వుదురు. మేమును చాలకాలము ఇది ప్రొద్దుపోని ముచ్చటయే యని తలచితిమి. ఇప్పుడట్లు తలచుట లేదు. గొప్ప విశ్వవిద్యాలయములకు చెందిన కళావస్తుశాలలలో పండితులకు జీతములిచ్చి ఈ ప్రశ్నలకే సమాధానములు వెదకించుచున్నారని ఈమధ్యనే మాకు తెలిసినది.

మా ఆడుబిడ్డ కుమార్తె ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్నది. ఆదివారములందు ఫోనులో ముఖము కనబడునట్లు మాతో మాటలాడును. పుష్యమాసములో ఒక ఆదివారము, "అత్తయ్యా, ఇవాళ మా మ్యూజియంలో ఉన్నాను. మీకు ఏం చూపించమంటారు?" అని అడిగినది. మేము వంటయింటి గడప చెంత కూర్చుండి చిక్కుడుకాయలకు ఈనెలు తీయుచుంటిమి. అక్కడ ఏమున్నదో మాకేమెఱుక? "కొత్తగా వచ్చినవేవో చూపించమ్మా" అంటిమి. చుట్టాల యింటికి పోయినను మనము మొదట చూడగోరునది అదియే గదా.

దానితో ఆ పిల్ల గదిగదికిని తిరిగి, ఈ పది పదునైదేండ్లలో ఆ మ్యూజియమున చేరినవాటిని చూపినది. ప్రతి పటము ప్రక్కను ఒక చిన్న చీటి కలదు. అందు చిత్రకారుని పేరు, పటము వ్రాసిన కాలము, పిదప ఆ వస్తువు ఏ సంవత్సరమున ఏ రీతిగా అచ్చటికి వచ్చినదను ముక్కయు ఉండును. కొన్నదా, దానముగా వచ్చినదా, చనిపోయినవారి వీలునామాచే సంక్రమించినదా, కొన్నచో ఎవరెవరి ధనముతో కొన్నది, ఇవి యన్నియు రెండు మూడు పంక్తులలో ఇమిడ్చి వ్రాయుదురు. పటమును చూచినంత సేపు మేము ఆ చీటిని గూడ చదివించుకొంటిమి. ఆ పిల్ల విసుగుకొనలేదు. పిమ్మట కొన్ని వారములు ఆ వస్తువుల చరిత్రలు తెలిసికొనుటలోనే మా మధ్యాహ్నములు గడచినవి. అందు కొన్ని మీతో చెప్పుకొనవలెనని యున్నది. మా యింటి దీపమొకటియు ఈ కథలోనికి వచ్చును. దాని సంగతి కడపట చెప్పెదము.

ఆ మ్యూజియము పేరు ఆష్మోలియను. 1683లో తలుపులు తెఱచినది. బ్రిటనులో సామాన్యజనులకై తెఱచిన మ్యూజియములలో మొదటిదని దానికి ప్రతిష్ఠ. మొదటి భవనము వేఱొక వీధిలో నుండెను. ఇప్పటి పెద్దమేడ 1845లో కట్టినది. 2009లో దానిని మఱల విశాలముగా సవరించిరి. నేడు లోనికి పోవుటకు రుసుము లేదు. తొలి దినములలో ఉండెడిది. 1710లో జర్మనీనుండి వచ్చిన ఉఫెన్‌బాఖ్ అను పండితుడొకడు ఆ మ్యూజియమును చూడబోయి, తన ప్రయాణపు దినచర్యలో ఎంతయో విసుగుకొనెను. పల్లెజనులు గుంపుగా మూగిరనియు, ఆఱు పెన్నీలిచ్చినచో స్త్రీలను సైతము మేడపైకి రానిచ్చుచున్నారనియు, వారు అటునిటు పరుగెత్తి కనబడినదానినెల్ల చేతబట్టి చూచుచున్నారనియు ఆయన గోడు. చేతబట్టి చూడక వస్తువు సంగతి ఎట్లు తెలియునో ఆ పండితునకే యెఱుక. మనము కుండను వ్రేలితో కొట్టి చూడక కొందుమా?

అయితే ఆ మ్యూజియమునకు మొదటి మూలధనమైన వస్తురాశి ఎట్లు వచ్చినదో వినుడు. ఆష్మోలు అనునది ఒక ధనికుని పేరు. కాని వస్తువులను కూడబెట్టినది ఆయన కాదు. జాన్ ట్రెడెస్కాంటు అను పేరుగల తండ్రికొడుకులు ఇద్దరు రాజుగారి తోటలు చూచు వారుండిరి. వారు దేశదేశములనుండి మొక్కలతోపాటు వింత గవ్వలు, పక్షులు, ఆయుధములు, వస్త్రములు తెచ్చి, లండనుకు ఎదుట థేమ్సు నది దరినున్న లాంబెతులో తమ యింట నింపిరి. ఆ యింటికి జనులు పెట్టిన పేరు "ఓడ". ప్రళయకాలమున సకల జీవములను ఎక్కించుకొన్న ఓడవంటిదని దాని భావము. 1656లో ఆ వస్తువుల పట్టిక అచ్చయినది. ఆ పనిలో సాయపడి ఆ యింటికి చేరువయైనవాడు ఆష్మోలు. 1659లో కొడుకు ట్రెడెస్కాంటు ఆ వస్తువులనెల్ల తన తదనంతరము ఆష్మోలునకు చెందునట్లు దానపత్రము వ్రాసి ఇచ్చెను.

ఆయన భార్య పేరు హెస్టరు. తన భర్త మత్తులో నుండగా ఆ పత్రముపై చేవ్రాలు చేయించిరని ఆమె వాదము. 1661లో భర్త వ్రాసిన వీలునామాలో వస్తువులు హెస్టరునకును, ఆమె తరువాత ఆక్స్‌ఫర్డు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో ఆమె కోరిన దానికిని చెందవలెనని యుండెను. 1662లో ఆయన మరణించెను. వ్యాజ్యము జరిగి 1664లో న్యాయస్థానము ఆష్మోలు పక్షమున తీర్పు చెప్పినది. బ్రదికియున్నంత కాలము హెస్టరు వాటిని కాపాడుచు ఉండవచ్చునట. సొత్తు మాత్రము ఆమెది కాదు. తన యింటిలోని వస్తువులకు తానే కావలిమనిషియై ఆమె మఱి పదునాలుగేండ్లు బ్రదికినది. 1674లో ఆష్మోలు ఆమె ప్రక్కయింటికే వచ్చి చేరెను. 1678 ఏప్రిలులో ఆమె తన తోటలోని కొలనులో మునిగి మరణించియుండగా కనుగొనిరి. ఆ వస్తువులే 1683లో ఆక్స్‌ఫర్డు చేరినవి.

ఆష్మోలు దుర్మార్గుడని చెప్పుట మా యుద్దేశము కాదు. ఆయన వాటిని తన యింట దాచుకొనలేదు, విద్యాలయమునకే ఇచ్చెను. హెస్టరు చేతనే యుండినను అవి తుదకు ఆక్స్‌ఫర్డుకే చేరియుండవచ్చును. చేరు చోటు ఒక్కటే; వచ్చిన త్రోవ వేఱు. ఆ త్రోవలో ఒక స్త్రీ ఉన్నదను సంగతి తలుపుమీది పేరులో కనబడదు.

ఇక క్రొత్తగా వచ్చినవాటిలో మా మనసు దోచినది 2012లో చేరిన ఒక స్త్రీ పటము. ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు ఎడ్వర్డు మానే 1868లో వ్రాసినది. తెల్లని దుస్తులు ధరించిన యువతి కూర్చుండి యుండును. పని పూర్తికాలేదు, కుంచె త్వరత్వరగా పోయిన జాడలు తెలియుచున్నవి. ఫోను తెరమీద చూచినను ఆ తెలుపు చల్లగానున్నది. ఆమె పేరు ఫానీ క్లౌస్. ఫిడేలు విద్వాంసురాలు. స్త్రీలు నలుగురే కూడి వాయించిన మేళమొకటి ఆ కాలమున పారిసులో నుండెను. అందు ఈమె యొకతె. మానే భార్య సుజాను పియానో వాయించెడిది, ఆ విధముగా ఇద్దఱకును స్నేహము. పారిసులోని ఓర్సే మ్యూజియములో "బాల్కనీ" అను మానేగారి ప్రసిద్ధమైన పెద్ద పటము కలదు. దానికి ముందు చేసిన ప్రయత్నమే ఈ పటము. పెద్దపటములో ఫానీ వెనుక గొడుగుతో నిలుచుండును. ముందు కూర్చున్న నల్లకనుల యామె బెర్తు మొరిసో, తానును గొప్ప చిత్రకారిణి. ఫానీ 1869లో ఒక చిత్రకారుని పెండ్లాడి, 1877లో ముప్పది యేండ్ల ప్రాయమున క్షయవ్యాధితో కన్నుమూసినది. ఆమె వాయించిన ఒక్క స్వరమైనను మనకు వినబడదు. ఆ కాలమున పాటను పట్టి నిలుపు యంత్రము లేదు. ఇంకొకరు వ్రాసిన రంగులలో మాత్రము మిగిలినది.

మానే 1883లో మరణింపగా, మఱుసటి యేడు ఆయన పనిగదిలోని పటములను వేలము వేసిరి. సార్జెంటు అను అమెరికా చిత్రకారుడు దీనిని కొని తనయింట నుంచుకొనెను. నూఱేండ్లకు పైగా అది ఆ కుటుంబములోనే యుండి, 2011లో విదేశీయుడొకడు 2 కోట్ల 83 లక్షల 50 వేల పౌనులకు కొనుటకు సిద్ధపడెను. ఆ దేశమున ఒక చట్టమున్నది. దేశమునుండి పోరాని వస్తువని పెద్దలు తలచినచో తరలింపును కొన్ని నెలలు ఆపవచ్చును. ఆలోగా దేశములోనివారు ధనము కూర్చుకొన్నచో వస్తువు నిలుచును. పైగా ప్రజల మ్యూజియమునకు అమ్మినవారికి పన్ను తగ్గింతురు గనుక అమ్మువారు తక్కువ వెలకే ఒప్పుకొందురు. ఆ రీతిగా ఆష్మోలియనువారు చెల్లింపవలసినది 78 లక్షల 30 వేలు మాత్రమే. మాత్రమే యని వ్రాయుటకు మా కలము వణకుచున్నది, మా యింట నెలకు వచ్చునది ఒక ఉపాధ్యాయుని జీతము.

అందు 59 లక్షలు జాతీయ లాటరీ సొమ్ములో ఇట్టి కార్యములకై వేఱుపఱచిన నిధినుండి వచ్చినవి. జూదపు సొమ్ము ఇంత మంచిపనికి పోయినదని ధర్మరాజునకు తెలిసినచో ఏమనియుండునో! మిగిలినదానికై ఎనిమిది నెలలు జనులను అడిగిరి. 1,048 మంది ఇచ్చిరి. పెద్ద మొత్తము 10,000 పౌనులు. చిన్న మొత్తము ఒకటిన్నర పౌను. ఒకటిన్నర పౌనుతో అక్కడ ఒక కప్పు కాఫీ కూడ రాదని మా మేనకోడలు చెప్పినది. ఆ చిన్న మొత్తమునిచ్చిన వారెవరో మాకు చూడవలెనని యున్నది. బడిపిల్లయో, పింఛనుపై బ్రదుకు ముసలమ్మయో. మన ఊళ్లలో శ్రీరామనవమి చందాల పుస్తకములో పావలా వ్రాయించిన మనిషి ఆ దినము పందిటిలో ఎంత ఠీవిగా కూర్చుండునో మీరెఱుగుదురు. ఆ మనిషియు ఆ పటము ముందు అట్లే నిలుచుండియుండును. కొన్న తరువాత మ్యూజియమువారు దానిని ఇతర పట్టణములకు గూడ పంపి చూపించిరి.

ఇట్లు వచ్చినవి మఱికొన్ని కలవు. టర్నరు 1810లో ఆక్స్‌ఫర్డు పెద్దవీధిని వ్రాసిన పటము 2015లో చేరినది. ఆస్తిపన్ను బాకీకి ధనమునకు బదులు పటమునే సర్కారుకు చెల్లించు పద్ధతి యొకటి అక్కడ కలదట. ఈ పటము వెలలో చాలభాగము అట్లే తీఱినది. ఇటలీ సన్యాసి చిత్రకారుడు ఫ్రా ఆంజెలికో 1420 ప్రాంతమున వ్రాసిన ఏసు సిలువ పటమును విదేశమునకు పోకుండ 2024లో నిలిపి, 44 లక్షల 80 వేల పౌనులు కూర్చిరి. సిలువ క్రింద తల్లి మరియ నిలుచుండును. ఆ తల్లి ముఖమును గుర్తించుటకు మతము తెలియనక్కఱలేదు.

ఇంకొకటి మన లంకెబిందెల కథవంటిది. 2015లో వాట్లింగ్టను అను ఊరి పొలమున, భూమిలోని లోహమును కనిపెట్టు పనిముట్టుతో తిరుగుచున్న ఒకనికి వెయ్యేండ్లు దాటిన వెండి దొరికినది. అతడు గుట్టుగా కంసాలికడకు పోలేదు. చట్టప్రకారము అధికారులకు తెలిపెను. 186 నాణెములు, కొన్ని నగలు, వెండి కడ్డీలు. 2017లో 13 లక్షల 50 వేల పౌనులిచ్చి మ్యూజియమువారు కొనిరి. ఆ నాణెములపై ఆల్ఫ్రెడు రాజును, పొరుగు రాజ్యమేలిన చెయోల్‌వుల్ఫును సమానముగా కనబడుచున్నారు. ఆల్ఫ్రెడు పక్షపు చరిత్రకారులు మాత్రము చెయోల్‌వుల్ఫును తెలివిలేని బొమ్మరాజని వ్రాసిపెట్టిరి. గెలిచిన యింటివారు చెప్పిన మాటయే పదకొండు వందల యేండ్లు చెల్లినది. మట్టిలోనివి లేచి వేఱుమాట చెప్పినవి. దొరికినవాడు కరిగించుకొన్నచో ఆ మాటయు కరిగిపోయెడిది.

ఇవన్నియు త్రోవ తెలిసిన వస్తువులు. అప్పుడు మేము, "మన దేశం వస్తువులేమైనా ఉన్నాయా?" అని అడిగితిమి. ఆ పిల్ల కొంచెము తడవు ఊరకుండి, ఒక కంచు విగ్రహము సంగతి చెప్పినది.

అది తిరుమంగై ఆళ్వారులది. పదాఱవ శతాబ్దమునాటి పోత. ఎత్తు ఇంచుమించు ఒక మీటరు. మన వైష్ణవాలయములందు ఆళ్వార్ల పంక్తిలో కత్తియు డాలును పట్టి నిలుచుండు మూర్తిని మీరు చూచియుందురు, ఆయనయే. మనకాయన పరాయివాడు కాడు. కర్నూలు సీమ కొండలలోని అహోబిలమును పాడిన ఆళ్వారు ఆయన యొక్కడే. ఆయన భార్య కుముదవల్లి కథ మా తాతగారు మాచే అనేకమార్లు చెప్పించెడివారు. చోళదేశమున సామంతుడైన ఆయన ఆమెను వరింపగోరగా, ఏడాదిపాటు దినమునకు 1,008 మంది వైష్ణవులకు అన్నము పెట్టినగాని పెండ్లియాడనని ఆమె నియమము పెట్టినదట. ఉన్న ధనమంతయు వండి పెట్టి, అది చాలక ఆయన బాటలు కొట్టి దోచెననియు, ఒకనాడు పెండ్లికుమారుని వేషమున వచ్చిన స్వామినే దోచి ఆ మూటను ఎత్తలేకపోయెననియు, అప్పుడు మంత్రోపదేశమైనదనియు గురుపరంపర చెప్పుచున్నది. శ్రీరంగపు ప్రాకారమునకై నాగపట్టణమునుండి బంగారు బుద్ధవిగ్రహమును తెచ్చెనని గూడ చెప్పుదురు. ఎవరికి తెలియకుండ తెచ్చెనో వేఱుగ చెప్పనక్కఱలేదు. చిన్ననాడు ఈ ఘట్టమున మేము నవ్వెడివారము. అక్కడ ఆ బుద్ధుని ముందు దీపము పెట్టుకొన్నవారి మాట అప్పుడు మాకు తోచలేదు.

ఆష్మోలియనువారు ఈ విగ్రహమును 1967లో లండనులోని సదబీ వేలములో కొనిరి. ఎక్కడిది? ఒక సంగ్రాహకునిది. ఎవరిచ్చిరి? వేలమువారు. ఎంతయినది? ధర చెల్లించియే తెచ్చిరి. మూడింటికిని సమాధానము ఉన్నట్లే తోచును. కాని ఎక్కడిదను ప్రశ్న ఒక్క మెట్టుతో తీఱునది కాదు. సంబంధము చూచునపుడు మనము పిల్లవాని తండ్రితో ఆపుదుమా? తాతవఱకు పోయి అడుగుదుము.

2019లో ఒక పరిశోధకుడు ఆ పై మెట్టును ఎక్కెను. పుదుచ్చేరిలోని ఫ్రెంచి విద్యాసంస్థలు మన దక్షిణదేశపు ఆలయములకు ఏనాడో ఛాయాచిత్రములు తీసి భద్రపఱచియున్నవి. అందు 1957లో తీసిన ఒక చిత్రమున ఈ ఆళ్వారులే, కుంభకోణము చెంతనున్న సౌందరరాజ పెరుమాళ్ కోవెలలో నిలుచుండియున్నారు. పది యేండ్ల నడుమ లండను ఎట్లు వచ్చిరి? ఈ సంగతి తెలిసిన వెంటనే మ్యూజియమువారే భారతదేశపు హైకమిషనుకు జాబు వ్రాసిరి. 2020లో మన ప్రభుత్వము విగ్రహమును అడిగినది. కోవెలలో పూజలందుకొనుచున్నది అసలు మూర్తి కాదనియు, తరువాత పెట్టిన నకలనియు తమిళనాడు పోలీసులలో విగ్రహముల దొంగతనములు విచారించు విభాగమువారు తెలిపిరి. 2024 మార్చిలో విశ్వవిద్యాలయ సభ తిరిగి యిచ్చుటకు అంగీకరించినది. అంతతో పని ముగియదు. ధర్మసంస్థల ఆస్తిని విడువవలెనన్నచో ఆ దేశపు ధర్మసంస్థల కమిషను సమ్మతింపవలెను. కనుక సభ తన నిర్ణయమును అచ్చటికి పంపినది.

సాంస్కృతిక వస్తువులను దేశములనుండి అక్రమముగా తరలింపరాదని యునెస్కోవారు ఒడంబడిక చేసినది 1970లో. దానికి వెనుకటి కొనుగోళ్లను అది నేరుగా ముట్టదు. 1967లో కొన్న దానిని మేమేల ఈయవలెనని ఆ సభవారు అనియుండవచ్చును. రసీదు వారి చేతిలో నున్నది. ఏబదియేండ్లు దుమ్ము పడకుండ కాపాడిరి. విద్యార్థులు చూచి నేర్చుకొనిరి. ఇవన్నియు నిజములే, ఈ నిజములను మేము తేలికగా కొట్టివేయజాలము. హెస్టరు విషయమున ఆష్మోలును సమర్థించువారు గూడ ఇవియే చెప్పుదురు.

ఆ కోవెలలో నకలు మూర్తికి ఇన్నేండ్లు హారతి పట్టిన అర్చకుని గూర్చి మాకు ఆలోచన పోలేదు. ఆ పూజ వ్యర్థమైనదా యని మా అత్తగారిని అడిగితిమి. "చేసినవాడి పూజ ఎక్కడికీ పోదు. తీసుకుపోయినవాడి మాట వేరు" అని ఆమె తీర్పు చెప్పి, చిక్కుడుకాయల చాట తన వైపునకు లాగుకొన్నది.

అప్పుడు మా కన్నులు దేవుని గూటివైపు పోయినవి. దీపము కథ ఇదియే.

అంతకుముందు ఆశ్వయుజములో, కార్తికదీపములకై, మేము పట్టణములో పాత సామానుల అంగడినుండి ఒక ఇత్తడి సెమ్మెను కొంటిమి. నిలువెత్తు కాదు, మోకాలెత్తు. పైన హంస, అడుగున తామరపూవు. తూకము లెక్కన ఇచ్చినాడు. పనితనమునకు వెల కట్టలేదు. ఇంత చవుకగా వచ్చినదని మేము దారిపొడుగునను సంతోషించితిమి. మావారు పాఠములు చెప్పగా వచ్చిన డబ్బులలో నెలనెలయు మిగిల్చినది అందుకు పోయినది. ఇంటికి తెచ్చి చింతపండుతో తోముచుండగా, పీఠము క్రింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరములు బయటపడినవి. ఒక స్త్రీ పేరు. ఒక ఊరి పేరు. స్వామివారికి సమర్పించినదను మాట.

సోదరీమణులారా, మీతో దాచుట యెందుకు? మేము ఆ పీఠమును మఱల క్రిందికి త్రిప్పి గూటిలో పెట్టితిమి. ఎవరికిని చెప్పలేదు. అమ్మినవాడు తూకమునకు కొన్నాడు, మేము తూకమునకు కొన్నాము, మధ్య మాకేమి పని యని మనసునకు చెప్పుకొంటిమి. కార్తికమాసమంతయు అందులో దీపము వెలిగినది. చూచిన ప్రతివారును ఎక్కడిదని అడిగిరి. పట్టణములో కొంటిమని చెప్పితిమి. అది అబద్ధము కాదు. కాని ఆ సమాధానము చెప్పినప్పుడెల్లను, అడిగిన యమ్మ ముఖము చూడకుండ వత్తి సవరించితిమి.

ఆళ్వారుల కథ విన్న రాత్రి మావారికి చూపితిమి. ఆయన కండ్లజోడు పెట్టుకొని చదివి, "ఇన్ని నెలలేమి చేసినావు?" అని మాత్రము అడిగిరి. వచ్చిన ఆదివారము బస్సులో రెండు గంటలు ప్రయాణము చేసి ఆ ఊరు చేరితిమి. మా మనసులో రెండు భయములు. దేవుని సొత్తు ఇంట పెట్టుకొన్నారని నిందింతురేమోయని యొకటి. అది దొంగసొత్తే కాదు, కోవెలవారే కట్టుకొఱకు అమ్మినారని తెలిసినచో దీపమును మఱల ఇంటికి తెచ్చుకొనవచ్చునను ఆశ యొకటి. దానిని భయమనరాదేమో.

చిన్న రామాలయము. వృద్ధుడైన అర్చకుడు దానిని చేతులలోనికి తీసికొని ఏమియు అనక గర్భాలయమువైపు నడచెను. స్వామికి ఎడమప్రక్కను అట్టి సెమ్మెయే యొకటి నిలిచియున్నది. అదే హంస, అదే తామరపూవు. కుడిప్రక్కను రాతిమీద గుండ్రని గుంట మాత్రమున్నది. ఈ ఊరి కోడలొకతె, బిడ్డ బ్రదికినందులకు, జతగా చేయించి యిచ్చినదట. ఎనిమిదేండ్ల క్రిందట తలుపు గొళ్లెము ఊడదీసి ఒకదానిని ఎత్తుకొనిపోయిరట. రెండవదానిపై నూనెగుడ్డ కప్పియుండుటచే చీకటిలో కనబడలేదట.

ఎంతకు కొన్నారని ఆయన అడిగి, లెక్కల పుస్తకములో ఆ మొత్తమును, తేదీని, మావారి పేరును వ్రాసికొనెను. ఇచ్చుటకు ఆలయమున సొమ్ము లేదని చెప్పెను. మేము అడుగలేదు. తిరుగుబస్సులో ఆ మొత్తము మాటిమాటికి జ్ఞాపకము వచ్చినదని మాత్రము ఒప్పుకొనవలెను.

పాతసెమ్మె నూనెమసితో నల్లగానున్నది. మేము తెచ్చినది చింతపండు మెఱుగుతో బంగారమువలె నున్నది. రెండును జతవలె కనబడలేదు. అర్చకుడు దానిని గుంటలో నిలిపి, మఱల పైకెత్తి, పీఠము క్రింది అక్షరములను వ్రేలితో తడవి చూచి మావైపు తిరిగి, "ఇంతగా ఎందుకు తోమారమ్మా? ఇంకో నాలుగు మాట్లు ఇట్లా తోమి ఉంటే ఆమె పేరు మిగిలేది కాదు" అని కోపించెను.